మీసం తీసి అడిగిన మాట

నేను అక్షరాలు నేర్చుకునేటప్పటికి నాకు యాభై దాటినాయి. మా మనవరాలి పలక మీదనే దిద్దినాను. మగ్గం పనికి మొరటుబారిన చెయ్యి, బలపం పట్టుకుంటే పుటుక్కున విరిగేది. కాబట్టి నా రాతలో సొగసు వెతకొద్దు. నేను ఒక మనిషికి చేసిన పని రాస్తాండా. అంతే.

మా ఊరు వేంపల్లెకు రెండు ఆమడల దూరం. పాపాఘ్ని ఒడ్డు. ఒడ్డు అంటే పేరుకే, ఏడాదిలో పది నెలలు ఇసకే. ఆ ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో తోడి కుండకు పోసుకొని వచ్చేవాళ్లం. మాది నేతగాళ్ల వీధి. ముప్పై ఇండ్లు. తెల్లారితే వీధి పొడవునా నిలువు పోగుల పడుగులు కట్టేది, గంజి పెట్టేది, ఎండ ఎక్కితే లోపలికి పోయి గుంతలో కాళ్లు పెట్టి మగ్గం ఆడించేది. వేరే బతుకు మాకు తెలీదు. నవ్వడానికి ఏడాదికి తొమ్మిది దినాలు ఉండేవి. ఆ తొమ్మిది దినాలు జమాదారు వచ్చేవాడు.

జమాదారంటే నిజం జమాదారు కాదు. పగటివేషగాడు. మామూలుగా పగటివేషాలోళ్లు దినానికొక వేషం మారుస్తారు. ఈయప్ప ఒకటే వేషం వేసేవాడు, దినానికొక కత చెప్పేవాడు. మొదటి దినం ఆయప్ప పుట్టిన కత, రెండో దినం పెండ్లి కత, అట్ల పోయి పోయి తొమ్మిదో దినం నల్లమల పులి కత. ఏటా అవే తొమ్మిది, ఏటా వాటికి కొత్త అబద్ధాలు. చిరిగిన ఎర్ర కోటు. చింతకొయ్య తుపాకి. రొమ్ము మీద కొబ్బరిచిప్ప ముక్కలు దారానికి గుచ్చుకొని, అవి దొరలిచ్చిన బిళ్లలనేవాడు. మేకవెంట్రుకల మీసం, చెవుల దాకా, కొసలకు కొవ్వు రాసి పైకి తిప్పింది. ఆ మీసం కింద మనిషి ఎముకల గూడు.

"ఖబడ్దార్!" అని తుపాకి నేలకు కొట్టేవాడు. "కర్నూలు కాడ తుంగభద్ర పొంగి ఊరు మునిగిపోతాంటే ఆపిందెవురు? నేను! ఎట్ల? రెండు జొన్నరొట్టెలు నంజుకుంటా తాగేస్తి. మరి మన ఏట్లో నీళ్లు ఏల లేవంటారా? ఆ రొట్టె గొంతుకు అడ్డం పడితే ఈడిదాకా పరిగెత్తుకొచ్చి ఈ నీళ్లు గూడా తాగేస్తి!"

"కోటు చిరిగిందేమప్పా జమాదారూ?" అని ఎవరో అరిచేవాళ్లు.

"గవర్నరు పెండ్లాం గుర్తుగా ఒక ముక్క చించుకొని పాయ!"

"కడప రైలు సంగతి చెప్పప్పా!"

"నా మీసం కొస చక్రంలో చిక్కుకునె. రైలు ఆగిపాయ. తెల్లదొర దిగొచ్చి సలాము కొట్టి, 'జమాదార్ సాబ్, మీసమన్నా కత్తిరించు, రైలన్నా ఆపేస్తా' అనె. మీసం యాడన్నా కత్తిరిస్తారా? ఆ పొద్దు రైలు లేదు!"

మా అత్త ఎప్పుడూ నవ్వని మనిషి. ఆమె గూడా కొంగు నోట్లో కుక్కుకొని నవ్వేది.

ఈ వేషానికి ఒక కట్టు ఉండేది. ఒక్కొక్క ఊరు ఒక్కొక్క వేషగాళ్ల ఇంటికి హక్కు. తాత నుంచి నాయనకు, నాయన నుంచి కొడుక్కు. వేషం కట్టుకొని వీధిలోకి వచ్చినోడు పొద్దు గూకేదాకా వేషంలోనే ఉండాల. మధ్యలో మీసం తీసినా, సొంత గొంతుతో సొంత మాట మాట్లాడినా, తొమ్మిదో కత చెప్పకుండా ఊరు దాటినా, ఆ ఊరి హక్కు పోతాది. పక్క గుంపు కాచుకొని ఉంటాది, దానికి పోతాది. మా జమాదారుకు ఏడు ఊర్లు ఉండేవి. మా వీధే పెద్దది. తొమ్మిదో దినం ఇంటింటికీ వస్తే జొన్నలు, మగ్గం కొసన మిగిలిన గుడ్డ ముక్క ఇచ్చేవాళ్లం. వాళ్ల గుడిసెలో నాలుగు నోర్లకు ఆరు నెలల సంగటి మా వీధి నుంచే పోయేది.

ఇట్లాంటి కట్టు ఉందంటే దాన్ని తెంపాలని చూసేది మనిషి బుద్ధి. మా వీధికి అదే పెద్ద ఆట. మా మరిది మిరపకాయలు కాల్చి ఆయప్ప మొగానికి పొగ పెట్టినాడు. కండ్లలో నీళ్లు కారతాంటే జమాదారు, "మీ ఊరోళ్లకు నా మీద ఇంత ప్రేమ ఉండాదని తెలీదప్పా, చూడు ఏడుపొస్తాంది" అన్నాడు. కూర్చునే చోట తుమ్మముండ్లు పెట్టినారు. కూర్చుని, కదలకుండా పెండ్లి కత మొత్తం చెప్పి లేచినాడు. కోటు వెనక నెత్తురు మరక మేమందరం చూసినాం. అందరం నవ్వినాం.

"నీ పెండ్లాం లేచిపోయిందంట గదా జమాదారూ!"

"లేచిపోలే, నేనే పంపినా. హైదరాబాదు నవాబుకు మీసం దువ్వేది నేర్పడానికి!"

ఒక్కసారి గూడా దొరకలేదు.

ఆ మనిషిలో ఇంకొకటి ఉండేది. అది వీధిలో ఎవరూ పట్టుకోలేదు, నేను పట్టుకున్నాను. ఒక ఏడు కడపలో నూలు దొరకక మా మగ్గం మూడు నెలలు పడుకుంది. ఇంట్లో గింజ లేదు. తొమ్మిదో దినం జమాదారు ఇంటింటికీ వస్తాంటే నేను తలుపు చాటున దాక్కున్నా. వెనక వీధంతా గుంపు. లేదు పో అంటే ముప్పై ఇండ్లు వింటాయి. జమాదారు మా గడప ముందర నిలబడి, పొట్ట పట్టుకొని మూలిగినాడు.

"అమ్మా తల్లీ! నీ గడప తొక్కను! నిన్న నువ్వు పెట్టిన సంగటి ముద్ద ఇంకా అరగలే. ముద్దా అది? బండరాయి! దాన్ని ఫిరంగిలో పెట్టి పేలిస్తే గండికోట కూలిపోతాది. ఈ ఇంటిది నాకు ముట్టిపాయ. ఇంకో గింజ పెడితే కోటు పగిలిపోతాది!"

గుంపు పగలబడి నవ్వింది. ఆయప్ప పక్కింటికి పోయినాడు. ముందు నాకు కోపం వచ్చింది, నా సంగటిని ఆడిపోసుకున్నాడని. ఆయప్పకు సంగటి నేనెప్పుడు పెట్టినా? ఆ మాట మనసులో తిరగేసుకుంటే అప్పుడు అర్థమయింది. మరుసటేడు కనిపెట్టి చూసినా. వీధి కొసన మొగుడు సచ్చినామె ఇంటి కాడ, "ఈ ఇల్లు నేనే జాగీరిచ్చినా, ఇచ్చిన సొత్తులో తిరిగి అడుక్కుంటారా" అన్నాడు. బొటనవేలు తెగి పని లేక కూర్చున్నాయన ఇంటి కాడ, "ఈ ఇంటికి నేనే బాకీ" అని సలాము కొట్టి జారుకున్నాడు. వీధిలో ఎవరి పొయ్యి వెలగలేదో ఆ మనిషికి తొమ్మిది దినాల్లో తెలిసిపోయేది. ఆ ఇంటి కాడ అబద్ధం పెద్దదయ్యేది. వీధి నవ్వేది, ఆ ఇంటి మానం నిలిచేది. తన జొన్నలు పోయేవి.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేసినా.

అంతకు ముందు నా సంగతి ఒకటి చెప్పాల. పడుగుకు గంజి పెట్టినాక తడి ఆరేదాకా కుంచె ఆడతానే ఉండాల. తెగిన పోగు అతుకుతానే ఉండాల. ఆపితే పోగులు ఒకదానికొకటి అంటుకొని పడుగు మొత్తం తాడు మాదిరి అయితాది. అందుకే మా వీధిలో ఒక మాట ఉండేది, గంజి తడి మీద ఉంటే ఎవురూ కదలకూడదని. కుంచె పట్టేది మొగోళ్లు, పోగులు అతికేది ఆడోళ్లు. నా తొలిచూలు బిడ్డ, ఎనిమిది నెలలోడు, ఒకనాడు పొద్దున్నే జరంతో కాగి కాగి, ఫిట్సు వచ్చి కొట్టుకుంటా ఉండాడని పక్కింటామె వచ్చి చెప్పింది. అప్పుడే గంజి పెట్టినాం. నేను పోగు వదిలి లేచినా.

మా అత్త నా చెయ్యి పట్టుకొని లాగింది. "కూర్చో. తడి మీద ఉండాది. పడుగు పోతే రెండు నెల్ల కూడు పోతాది. బిడ్డ యాడికి పోతాడు?"

నా మొగుడు అవతలి కొసన కుంచె పట్టుకొని ఉన్నాడు. తల ఎత్తలేదు. వీధిలో ఇరవై మంది ఉన్నారు. ఒక్కరు గూడా పో అనలేదు. నేను కూర్చున్నా. పోగులు అతికినా. పడుగు బాగా వచ్చింది. ఇంట్లోకి పోయేసరికి బిడ్డ చల్లబడినాడు.

దీన్ని సాకుగా చెప్పడం లేదు. జరిగింది కాబట్టి చెప్తాండా.

అది జరిగిన మూడో ఏట, జమాదారు వచ్చిన తొమ్మిదో దినం, నేను చెలమ కాడ నీళ్లు తోడుకొని కుండ నెత్తిన పెట్టుకొని వస్తాండా. ఎదురుగా ఇసకలో పడి లేచి ఒకడు పరిగెత్తుకొస్తాండాడు. జమాదారు బామ్మర్ది. కతల్లో బంటు వేషం వాడిదే, జమాదారు వెనక డోలు కొడతా, పడతా లేస్తా ఉంటాడు. ఆ పొద్దు డోలు లేదు, తలగుడ్డ లేదు.

"అమ్మా, మా బావ యాడుండాడు?"

"వీధిలో. ఏమయింది?"

"పాప, అమ్మా. పాము కరిచె. పసరు పోసినాం, దిగలే. నోట్లో నురగ. నాయనా నాయనా అంటాంది. కండ్లు మూతలు పడతాండాయి." అని వాడు ఆగకుండా పరిగెత్తినాడు.

ఆ పాపను నేను చూసినా. ఏడేండ్లు ఉంటాయి. ఒక్కతే బిడ్డ. వాళ్ల గుడిసెలు ఏటి అవతల, మా వీధి నుంచి కోసెడు దూరం. ఒక్కోసారి నాయన పక్కన నిలబడి కోటు కొస పట్టుకొని ఉండేది.

నేను వీధిలోకి వచ్చేసరికి గుంపు నడుమ వాడు జమాదారు చెవిలో చెప్తాండాడు. జనం పకపకా నవ్వుతాండారు. వాళ్ల తప్పు లేదు. బంటు ఎప్పుడూ అట్లే ఆయాసపడుకుంటా వచ్చి జమాదారు చెవిలో ఏదో ఊదుతాడు, అది కతలో భాగమే. "బంటుగాడు వచ్చినాడ్రోయ్! ఇంక చూడు!" అని ఈలలు.

జమాదారు మొగంలో నాకేమీ కనబడలేదు. మీసం అడ్డం. తుపాకి మీద చెయ్యి మాత్రం ఒకసారి జారింది, మళ్లా పట్టుకున్నాడు.

"ఖబడ్దార్!" అన్నాడు. "విన్నారా ప్రజలారా? రాజుగారి కూతురు అలిగిందంట! జమాదారు మీసం చూస్తే గానీ కండ్లు తెరవనని మంకుపట్టు పట్టిందంట! బంగారు పల్లకీ పంపుతామన్నారు, నేనే వద్దన్నా, నా కాళ్లు పల్లకీ కన్నా జోరు. మీరు సెలవిస్తే నాలుగు అంగల్లో పోయి, ఆ పిల్లకు మొగం చూపించి, నాలుగు అంగల్లో వచ్చి పులి కత చెప్తా. పెద్దాయనా, సెలవియ్యి!"

జనం చప్పట్లు కొట్టినారు. ఇన్నేండ్లలో ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదన్నారు. నా ఒక్కదానికే తెలుసు, ఆ మనిషి కట్టు తెంపకుండా మా కాళ్లు పట్టుకుంటాండాడని.

మా వీధి పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మంచోడే. నవ్వుకుంటా తన మీసం దువ్వి, "ఏమంటారప్పా? రాజుగారి కూతురంట. పంపుదామా?" అన్నాడు. పంపేవాడే. సగం లేచినాడు గూడా.

నేను కుండ దించలేదు. నెత్తిన కుండతోనే అన్నా.

"తొమ్మిదో కత చెప్పకుండా ఊరు దాటితే హక్కు పోతాది గదా పెద్దనాయనా? మా ఇండ్లల్లో గంజి తడి మీద ఉంటే ఎవురన్నా కదులుతారా? చెప్పి పొమ్మను."

అంతే నేనన్నది. గుంపు దాన్ని అందుకుంది. "అవునవును! పులి కత! పులి కత!" పెద్దాయన మళ్లా కూర్చున్నాడు. "ఆడోళ్లే అడుగుతాండారు జమాదారూ, చెప్పి పో."

జమాదారు నా పక్క చూసినాడు. రెండు రెప్పపాట్లు. తరవాత తుపాకి నేలకు కొట్టి మొదలుపెట్టినాడు.

తొందరగా చెప్పి ముగించాలని చూసినాడు. పులి వచ్చె, నేను చూస్తి, అది సచ్చె, అన్నట్టు. కానీ ఏటా వినే జనం, ప్రతి మెట్టూ తెలుసు. "దాని చెవి మెలిపెట్టింది చెప్పలే!" అన్నారు. వెనక్కి పోయి చెవి మెలిపెట్టింది చెప్పినాడు. "మీసంతో కట్టేసింది ఏమాయ?" మళ్లా వెనక్కి. "పులి నీ కాళ్ల మీద పడి ఏడ్చింది?" నేల మీద సాగిలపడి, పులి అయి, ఏడ్చి చూపించినాడు. ఆ ఏడుపుకు మా వీధి పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్వింది. మా మరిది నేల మీద పడి దొర్లినాడు. చెమటకు మీసం ఒక పక్క ఊడింది. అరచేత్తో నొక్కిపెట్టుకొని చెప్పినాడు. బంటు మాత్రం గోడకు ఆనుకొని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నిలబడినాడు. వాడిని చూసి గూడా నవ్వినారు.

నేను నిలబడి చివరిదాకా చూసినా. నెత్తిన కుండ బరువు అప్పుడు తెలియలేదు. నా కడుపులో ఏదో కొంచెం చల్లబడింది. ఆ మాట రాయడానికి సిగ్గే, కానీ రాస్తాండా. నన్ను ఎవురు పొమ్మన్నారు? ఈయప్పను ఎందుకు పొమ్మనాల? అదే నా బుద్ధి ఆ పొద్దు.

కత అయిపోయింది. జమాదారు జొన్నల కోసం నిలబడలేదు. తుపాకి పారేసి, ఎర్ర కోటుతోనే ఏటి దిక్కు పరిగెత్తినాడు. కొబ్బరిచిప్పలు టకటకలాడతాండాయి.

"ఒరే, పులి తరుముకొస్తాందిరో జమాదారూ!" అని వెనకనుంచి కేకలు.

పొద్దు వాలేటప్పటికి గొర్లోళ్లు ఆ దారిన వచ్చి చెప్పినారు. నాయన పోయేసరికే పాప పోయిందంట. మీసంతోనే ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడంట. వీధిలో ఎవరి పొయ్యి వాళ్లు రాజేసుకున్నారు. పెద్దాయన ప్రతి ఇంటి నుంచి జొన్నలు పోగుచేసి గుడిసెకు పంపినాడు. తన వంతు కన్నా రెండు శేర్లు ఎక్కువే వేసినాడు. ఆ మాట అన్నందుకు ఆయన నన్ను ఏమీ అనలేదు. నేను జొన్నలు వేసినా, నోరు మూసుకున్నా.

మరుసటేడు వస్తాడనుకోలేదు. వచ్చినాడు. అదే కోటు, అదే మీసం, కొత్త తుపాకి. ఎనిమిది దినాలు తుంగభద్ర తాగినాడు, రైలు ఆపినాడు. వీధి మునుపటికన్నా ఎక్కువ నవ్వింది, పాపం చుట్టుకోకూడదని కాబోలు. ఆ ఏడు మా ఇంట్లో గింజలుండాయి. మగ్గం కొసన మిగిలిన గుడ్డ, మూర కాదు, మూడు మూరలు కోసి పెట్టినా.

తొమ్మిదో దినం పులి కత చెప్పినాడు. మెట్టు వదలకుండా చెప్పినాడు. ఇంటింటికీ తిరిగి మా గడప కాడికి వచ్చినాడు. నేను జొన్నల చేట, దాని మీద గుడ్డ పెట్టుకొని నిలబడినా. వెనక గుంపు ఎప్పటిలాగే. ఎండ నడినెత్తిన ఉంది. పొద్దు గూకడానికి శానా పొద్దుంది.

ఆయప్ప చేట చూడలేదు. చెయ్యి ఎత్తి మీసం పట్టుకొని, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెల్లగా పెరికినాడు. మీసం ఊడిన చోట, పై పెదవి మీద ఎర్రగా జిగురు మచ్చ. ఆ మొగాన్ని మేము ఎవరమూ అంతకు ముందు చూడలేదు. మామూలు మొగం. మా ఇండ్లల్లో మొగోళ్ల మొగం ఎట్లుంటాదో అట్లే.

గుంపు ఒక అడుగు వెనక్కి జరిగింది.

"అమ్మా," అన్నాడు. గొంతు సన్నగా ఉంది. "పోయినేడు ఆ పొద్దు మా బామ్మర్ది నీకు చెప్పినానన్నాడు. చెలమ దారిలో. నీకు తెలిసే ఆ మాట అన్నావా? నాకు అదొక్కటి చెప్పు."

పెద్దాయన పరిగెత్తుకొచ్చినాడు. "ఏం పని చేస్తివప్పా! పెట్టుకో, మీసం పెట్టుకో! మేము చూడలే. ఎవురన్నా చూసినారా? ఎవురూ చూడలే!"

"అందరూ చూసినారు పెద్దాయనా," అన్నాడు. "ఊరు పోనీ. ఈ మాట వేషంలో అడిగేది కాదు." మళ్లా నా మొగం చూసినాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

వీధంతా నా నోటి దిక్కే చూస్తాంది. మా అత్త గడప లోపల నిలబడి ఉంది.

"నాకేం తెలుసు," అన్నా. "వాడు పరిగెత్తుకుంటా ఏందో అన్నాడు. కతలో మాట అనుకున్నా. నాకు తెలీదు."

తల ఊపినాడు. నమ్మినట్టు కాదు, విన్నట్టు. మీసం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు, దానితో ఇంకా ఆరు ఊర్లలో పనుంది గదా. చేట ముట్టుకోలేదు. వీధి నడుమ, మనుషులు తొలిగి దారిస్తాంటే, సొంత మొగంతో నడుచుకుంటా పోయినాడు.

కట్టు కట్టే. మా ఊరు పక్క గుంపుకు పోయింది. వాళ్ల జమాదారు బలంగా ఉండేవాడు, గొంతు పెద్దది, తుపాకి నిజం తుపాకి మాదిరే ఉండేది. గింజలు లేని ఇంటి ముందర నిలబడి, ఇచ్చేదాకా కదిలేవాడు కాదు. మొగుడు సచ్చినామె ఒక ఏడు కట్టుకున్న కోకలోంచి ముక్క చించి ఇచ్చింది. వీధి అప్పుడూ నవ్వింది.

మా జమాదారు తరవాత ఎన్నేండ్లు బతికినాడో, యాడ బతికినాడో నేను కనుక్కోలేదు. కనుక్కోవాలంటే కనుక్కోవచ్చు, ఆరు ఊర్లే గదా. పోలేదు. నా మొగుడు పోయినాడు, మా అత్త పోయింది, ఆ పొద్దు వీధిలో నిలబడినోళ్లలో శానామంది పోయినారు. ఆ మనిషి ఒక ఊరు వదులుకొని, ఆరు నెలల కూడు వదులుకొని, నన్ను ఒక్క మాట అడిగినాడు.

తెలుసప్పా. కుండ నెత్తిన ఉన్నప్పుడే తెలుసు.